సొరకాయ తొక్కల చుట్టం

మా అత్తగారు నా ఎదురుగా కుర్చీలో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు, మొన్నటి వేసవి దాకా. కృష్ణా డెల్టాలో ఆవిడ పెరిగిన ఇంట్లో అల్లుడు వస్తే అత్తగారు తలుపు చాటున నిలబడే మాట్లాడేదట. మా పెళ్లయి, మాకు పుట్టిన పిల్ల మిడిల్ స్కూల్‌కి వచ్చినా ఆవిడ ఆ పద్ధతి వదల్లేదు సరికదా, టెక్సస్‌కి వచ్చేటప్పుడు ఊరగాయలతో పాటు దాన్నీ మోసుకొచ్చారు. కాపెల్‌లో మా ఇంట్లో వంటగదికీ హాలుకీ మధ్య గోడే లేదు, ఇక తలుపెక్కడిది? ఆవిడ ఫ్రిజ్ తలుపు తెరిచి, దాని వెనకనుంచి "బాబూ, పప్పులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగేవారు. సరిపోయిందండీ అనేవాణ్ణి. ఫ్రిజ్ మూసుకునేది.

మామగారు విమానం ఎక్కనంటే ఎక్కనని భీష్మించుకుని ఊళ్లోనే ఉండిపోయారు. మా ఆవిడ ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగానికీ, అమ్మాయి బడికీ పొద్దున్నే వెళ్లిపోతారు. నాది ఇంటినుంచి పని. అంటే పగలంతా ఆ ఇంట్లో ఉండేది ఒకరినొకరు చూసుకోకూడని ఇద్దరం. మేడ మీద నా గదిలో నేను మీటింగుల్లో ఉంటే, గుమ్మం బయట చిన్న దగ్గు వినిపించేది. కాఫీ వచ్చిందన్నమాట. తలుపు తీస్తే కింద గ్లాసు ఉండేది, మనిషి ఉండేవారు కాదు. నా కాఫీ నేను కలుపుకుంటానని ఒకసారి అన్నాను. ఆ సాయంత్రం మా ఆవిడకి ఫిర్యాదు వెళ్లింది, అల్లుడిగారికి నా చేతి కాఫీ నచ్చడం లేదేమోనని.

ఆవిడ వచ్చిన కొత్తలో నేనొక ఘోరం చేశాను. సింకు కింద మిషన్ ఒకటి ఉంటుంది, కూరల తొక్కలు అందులోకి తోసి మీట నొక్కితే గరగరమని రుబ్బి నీళ్లలో పంపేస్తుంది. దాన్ని ఎంతో గొప్పగా చూపించాను. ఆవిడ ఫ్రిజ్ చాటు కూడా మరిచిపోయి నా వంక చూశారు. "తినేదాన్ని మిషన్లో వేసి రుబ్బుతారా బాబూ?" అన్నారు. వాళ్లింట్లో పాడి గేదెలుండేవి. బియ్యం కడిగిన నీళ్లు, వంకాయ తొడిమలు, సొరకాయ తొక్కలు అన్నీ కుడితి తొట్టిలోకే. తొక్క అనేది గేదె సొత్తు. దాన్ని రుబ్బి మురుగులో కలపడమంటే ఆవిడ లెక్కలో గేదె నోటి దగ్గరది లాక్కోవడమే.

తర్వాత మా ఇంట్లో ఆ మిషన్ చప్పుడు వినపడలేదు. తొక్కలు చెత్తబుట్టలోనూ కనపడలేదు. ఎక్కడికి పోతున్నాయో నేను ఆలోచించలేదు. ఇంట్లో జరిగేది అందరికన్నా చివర తెలుసుకునేవాణ్ణని మా ఆవిడ నాకు బిరుదిచ్చింది, అది ఊరికే ఇవ్వలేదు.

మా ఇంటి వెనక ఒక చెరువుంది. ఇల్లు అమ్మినప్పుడు ఏజెంట్ దాన్ని 'లేక్ వ్యూ' అన్నాడు కానీ, నిజానికి కాలనీ వాన నీళ్లు చేరడానికి తవ్విన గుంట. మధ్యలో ఒక ఫౌంటెన్, చుట్టూ నడక దారి, సాయంత్రాలు చీరల మీద స్పోర్ట్స్ షూస్ వేసుకుని నడిచే మన అమ్మలూ అత్తలూ. మా కంచె గేటు తీస్తే నాలుగడుగుల్లో నీళ్లే. ఒకరోజు మీటింగ్ మధ్యలో కిటికీలోంచి చూస్తే అత్తగారు స్టీలు బేసిన్ పట్టుకుని ఆ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నీళ్ల వైపు తిరిగి "ద్దా... ద్దా..." అంటున్నారు. మా ఊళ్లో గేదెల్ని అలాగే పిలుస్తారు. ఎవరిని పిలుస్తున్నారా అని చూద్దును కదా, అవతలి గట్టునుంచి ఒక తల నీళ్లు చీల్చుకుంటూ వస్తోంది. తల ఒక పక్కకి వాల్చి, ఏదో వింటున్నట్టు ఈదుతోంది. గట్టు దగ్గర ఆగి, రెండు చేతులతో సొరకాయ తొక్క పట్టుకుని, పెద్ద మనిషి తరహాగా కూర్చుని తింది. పళ్లు చూశాను. ముదురు నారింజ రంగు.

ఆ సాయంత్రం మా ఆవిడని అడిగితే తేలిగ్గా చెప్పింది. "అదా, అమ్మకి ఫ్రెండ్. ఏదో నీటిపిల్లి అట. రోజూ వస్తుందట."

"నీటిపిల్లి కాదు, న్యూట్రియా. ఎలక జాతి. కాలనీ ఈమెయిల్‌లో ఫొటో వచ్చింది, నువ్వు చూడలేదా?" అన్నాను.

"అయితే నువ్వే చెప్పు. నేను చెప్తే నీకేం తెలుసే అంటుంది. అల్లుడి మాటంటే ఆవిడకి వేదం."

"ఎవరితో చెప్పను? ఫ్రిజ్‌తోనా?"

మేమిద్దరం ఇలా ఒకరి మీదికొకరు తోసుకుంటూ ఉండగానే మా అమ్మాయి భోజనాల దగ్గర పని కానిచ్చేసింది. దాని తెలుగులో మొహమాటాలకి మాటలు లేవు.

"అమ్మమ్మా, నువ్వు ఫీడ్ చేసేది పిల్లి కాదు. అది ర్యాట్."

"ఎలకా? ఎలక అంతుంటుందా?"

"బిగ్ ర్యాట్. సౌత్ అమెరికాది. ఇక్కడ ఉండకూడదు. ఇన్వేసివ్."

"అంటే ఏంటే?"

దానికి తెలుగు దొరక్క నా వైపు చూసింది. ఫ్రిజ్ తలుపు వైపు తిరిగి నేనే చెప్పాను. "మన కాలవల్లో గుర్రపుడెక్క లాంటిదండీ. ఎక్కడిదో తెచ్చి వేస్తే, ఇక్కడ పట్టపగ్గాల్లేకుండా పెరిగిపోయింది. గట్ల మీద గడ్డి వేళ్లతో సహా తినేస్తుంది, గట్లకి బొరియలు పెడుతుంది."

గుర్రపుడెక్క అనగానే ఆవిడకి అంతా అర్థమైపోయింది. కాలవలు మూసుకుపోయి, పొలాలకి నీళ్లందక గొడవలు పడ్డ ఊరు ఆవిడది.

"దీన్ని ఎందుకు తెచ్చారట?"

"ఫర్ కోసం. కోట్స్ చేసుకుంటారు కదా. తర్వాత ఎవరూ కొనలేదు, వదిలేశారు," అంది అమ్మాయి.

"తెచ్చినవాళ్లేరి మరి?"

"డెడ్, ఐ థింక్."

"వాళ్లు సుఖంగా పోయారు. తిట్లు దీనికి," అన్నారు అత్తగారు.

మర్నాడు ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మరీ వెళ్లారు. అది నీళ్లలోంచి పూర్తిగా పైకి వచ్చేదాకా ఆగి, దాని తోక చూశారు. గుండ్రంగా, నున్నగా, అచ్చం ఎలక తోక. తిరిగొచ్చి, ఫ్రిజ్ కూడా తెరవకుండా, గాలితో చెప్పినట్టు అన్నారు. "పందికొక్కు. ఇన్నాళ్లూ పందికొక్కుకి పెట్టానన్నమాట." ఆ జాతి మీద ఆవిడకి పాత పగ ఉంది. ధాన్యం గాదెల కింద బొక్కలు పెట్టి బస్తాలు బస్తాలు లాగేసేవట. వాటికోసం మామగారు బొరియల్లో పొగ పెట్టేవారట. ఆ సాయంత్రం మా ఆవిడ ఆ మాట పట్టుకుంది. "పందికొక్కులా తింటావని నేనంటే కోపమొస్తుంది కదా. మా అమ్మ రోజూ ఇద్దరికి పెడుతోంది, నీకు పైన, దానికి గట్టు మీద." వాళ్ల అమ్మ ముందు మాత్రం నన్ను 'మీరు' అంటుంది, అదొక నాటకం.

తొక్కలు ఇక బంద్ అనుకున్నాను. బేసిన్ మర్నాడు కూడా బయల్దేరింది. నేను మెట్ల మీద ఎదురుపడేసరికి ఆవిడ గోడవైపు తిరిగి, సంజాయిషీలాగా అన్నారు. "పిల్లల తల్లి బాబూ. పొదుగు పొట్ట కింద లేదు, పక్కల మీద ఉంది. ఈదుతూ ఈదుతూనే పిల్లలకి పాలిస్తోంది. అలాంటి పని నేనెక్కడా చూళ్లేదు." అత్తగారు నాతో అన్ని మాటలు ఒకేసారి ఆడటం అదే మొదలు. అవునండీ అన్నాను.

వానలు పడ్డాక మా కంచె వెనక నడక దారి అంచు కుంగింది. కాలనీ వాళ్లు పసుపు రిబ్బన్ కట్టి, మళ్లీ ఈమెయిల్ పంపారు. గట్టు లోపలంతా బొరియలే ఉన్నాయనీ, వీటిని పట్టే మనిషిని పిలిపిస్తున్నామనీ, ఎవరో తిండి పెడుతున్నారు కాబట్టి దయచేసి మానుకోవాలనీ రాశారు. ఎవరో అని ఎంత మర్యాదగా రాసినా, గట్టు మీద ములక్కాడ పిప్పి కనపడితే ఎవరిల్లో వెతుక్కోనక్కర్లేదు. అత్తగారు రిబ్బన్ దగ్గరికి వెళ్లి, ఒంగుని ఆ బొరియలు చూసి వచ్చారు. కాలవ గట్టుకి బొరియ పడిందంటే ఊళ్లో మగవాళ్లంతా పారలు పట్టుకుని పరిగెత్తడం చూసిన మనిషి. ఆ రోజు వంకాయ తొడిమలు చెత్తబుట్టలో కనిపించాయి. నాకు బాధేసింది, నిజం చెప్తున్నాను.

పట్టే మనిషి పికప్ ట్రక్కులో వచ్చాడు. టోపీ పెట్టుకున్న సరదా మనిషి, గట్టంతా తిరిగి చూసి మా గేటు దగ్గర ఆగాడు. వచ్చే వారం బోన్లు పెడతానన్నాడు. మామూలుగా క్యారెట్, చిలగడదుంప ఎర వేస్తాడట. కానీ ఇక్కడివి బాగా రుచి మరిగినట్టున్నాయి, మీరు ఏం పెడుతున్నారో అదే ఒక బకెట్ ఇస్తే పని తొందరగా అయిపోతుంది అన్నాడు. తప్పు పట్టలేదు, కన్ను గీటి మరీ అడిగాడు. అత్తగారు వెనక దోమతెర తలుపు చాటున నిలబడి ఉన్నారు. ఆవిడకి సరిపడా చాటు ఇంట్లో అదొక్కటే.

"ఏమంటున్నాడు బాబూ?"

చెప్పాను.

"పట్టుకుని ఎక్కడ వదులుతాడో కనుక్కోండి."

కనుక్కున్నాను. వదలడానికి లేదట, వీటిని ఇంకోచోట వదలడం చట్టం ఒప్పుకోదట. అది అనువదించడానికి నాకు నోరు రాలేదు. "దూరంగా తీసుకెళ్తాడటండీ," అన్నాను.

"నేను గేదెల్ని అమ్మినదాన్ని బాబూ. కబేళాకి తోలేవాడు కూడా దూరంగా తీసుకెళ్తాననే చెప్తాడు," అన్నారు.

ఆ మధ్యాహ్నం నా గది బయట దగ్గు వినిపించింది. తలుపు తీస్తే గ్లాసుతో పాటు మనిషి కూడా ఉన్నారు. లోపలికి వచ్చి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నారు. నేను లేచి నిలబడ్డాను, ఎందుకో నాకే తెలియదు. ఆవిడ నా మొహం చూసే మాట్లాడారు.

"పట్టొద్దని నేననను. గట్టుకి బొక్క పెట్టేదాన్ని పట్టాల్సిందే. కానీ బాబూ, మిగతావి మనిషిని చూస్తే మునిగిపోతున్నాయి. ఇదొక్కటే ఎదురొస్తుంది. ఆ బోన్లోకి కూడా ముందు ఇదే పోతుంది. బోను చూసి కాదు, నా చెయ్యి చూసి. నా చేత్తో తిన్నదాన్ని నా తొక్కలతో పట్టకూడదు."

"అయితే తొక్కలు ఇవ్వనని చెప్పేస్తాను."

"ఇవ్వకపోతే సరిపోదు. దానికి మనిషంటే భయం రావాలి. పొద్దున నేనే తరుముదామని గరిటె ఎత్తాను. అది గరిటె చూసి ఇంకా దగ్గరికొచ్చింది, వడ్డిస్తాననుకుని." కొంగుతో మూతి తుడుచుకుని అన్నారు. "మీరు తరమండి. నేను కనపడను."

అలా, సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్‌నైన నేను, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో, స్టీలు కంచం ఒక చేత్తో, గరిటె ఒక చేత్తో పట్టుకుని చెరువు గట్టు మీద ఉద్యోగంలో చేరాను. అది అలవాటు ప్రకారం తల వాల్చుకుని వచ్చేది. నేను కంచం వాయిస్తూ పరిగెత్తేవాణ్ణి. సాయంత్రం నడిచే అమ్మలు పక్కకి తప్పుకుని దారిచ్చేవాళ్లు. మొదటి రోజు ఆ జంతువు నన్ను చూసి భయపడలేదు. కచేరీ అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుంది, ఇక తొక్కలు రావని తేలాక వెళ్లింది.

అత్తగారు నా గదిలో కర్టెన్ వెనక నిలబడి చూసేవారు. నా కోసం ఇన్నేళ్లు దాక్కున్న మనిషి ఇప్పుడు దానికోసం దాక్కుంటున్నారు, అదీ నా గదిలో. ఒకరోజు మీటింగ్ మధ్యలోంచి పరిగెత్తాను, మ్యూట్ చేయడం మరిచిపోయాను. నేను తిరిగొచ్చేసరికి మా మేనేజర్ చాలా జాగ్రత్తగా, ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగాడు. నేను లేనప్పుడు నా లాప్‌టాప్‌లోంచి ఒక పెద్దావిడ గొంతు 'కొట్టండి బాబూ, ఇంకా గట్టిగా కొట్టండి' అని వినిపించిందట. మా టీంలో తెలుగు వచ్చినవాడు ఒకడున్నాడు. ఎప్పుడైనా ఆఫీసుకి వెళ్తే వాడు ఇప్పటికీ నన్ను చూసి మర్యాదగా దూరం జరుగుతాడు.

ఇంత చేసినా అది ఊరికే గట్టు మారుతోంది కానీ మనుషుల్ని వదలడం లేదు. మర్నాడు బోన్లు వస్తాయనగా అత్తగారు వంటగదిలో సొరకాయ చెక్కు తీస్తున్నారు. తర్వాత డబ్బా తెరిచి, ఊరినుంచి తెచ్చుకున్న ఎర్రకారం పిడికెడు తీసి ఆ తొక్కల్లో కలిపారు, ఆవకాయకి కలిపినట్టు చేత్తో బాగా కలిపారు. కారం ఘాటుకి నేను హాల్లో తుమ్మాను.

"ఇవ్వండి, నేను పెట్టి వస్తాను," అన్నాను.

"మీరు పెడితే తినదు బాబూ. ఇది నేనే పెట్టాలి."

గేటు తీసుకుని వెళ్లారు. నేను వెనకాలే కంచె దగ్గర నిలబడ్డాను. "ద్దా... ద్దా..." అన్నారు. పిలుపు ఎప్పటిలాగే ఉంది, ఎక్కడా తేడా రానివ్వలేదు. కొన్నాళ్లుగా కనపడని మనిషి కనపడేసరికి అది తల వాల్చుకుని వేగంగా వచ్చింది. పిల్లలు వెనకే ఉండిపోయాయి. రెండు చేతులతో తీసుకుని నమిలింది. ఒక్కసారి ఆగింది. తొక్క వదిలేసి, మూతి నీళ్లలో ముంచింది, మళ్లీ ముంచింది, ముందు కాళ్లతో మీసాలు రుద్దుకుంది. తర్వాత మూతి పైకెత్తి ఆవిడ వంక చూసింది. పరిగెత్తలేదు. చూస్తూ ఉంది. అత్తగారు అప్పుడు బేసిన్ గేటుకేసి కొట్టారు. "ఫో," అన్నారు. అది మునిగింది. చాలా దూరంలో, ఫౌంటెన్ అవతల తేలింది.

ఆవిడ లోపలికి వచ్చి చేతులు కడుక్కున్నారు. కారం చెయ్యని తెలిసీ ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నారు. మా ఆవిడ వచ్చి కళ్లెందుకు అలా ఉన్నాయని అడిగితే, కారం అన్నారు. నేనూ కారమే అన్నాను.

బోన్లు పెట్టారు. కొన్ని పడ్డాయి. ఆ మనిషి ట్రక్కు మీద గుడ్డ కప్పి తీసుకెళ్లేవాడు. అందులో ఏది ఉందో మేమడగలేదు, ఆవిడ ఆ వేళకి పూజగదిలో ఉండేవారు. ఎరకి బకెట్ ఇవ్వలేకపోయానని నేను చెబితే అతను పర్వాలేదన్నాడు. తర్వాత గట్టు తవ్వి, రాళ్లు పోసి, రిబ్బన్ తీసేశారు. నడిచే అమ్మలు మళ్లీ నడవసాగారు.

కాఫీ మాత్రం ఆ తర్వాత గుమ్మం బయట దిగలేదు. ఆవిడ రెండు గ్లాసులతో లోపలికే వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు. నేను మీటింగ్‌లో ఉంటే చీరంచు కుట్టుకుంటూ, మ్యూట్ గుర్తు ఎర్రగా ఉందో లేదో కళ్లజోడు పైనుంచి చూసి గానీ నోరు విప్పేవారు కాదు. చూపు ఎప్పుడూ నీళ్ల మీదే.

ఒక మధ్యాహ్నం నేను కాల్‌లో ఉండగా కుర్చీ కిర్రుమంది. అవతలి గట్టు కింద, రెల్లు దుబ్బు పక్కన ఒక తల. ఒక పక్కకి వాల్చి, ఏదో వింటున్నట్టు. వెనకాల చిన్న తలలు. అత్తగారు లేచి కిటికీ అద్దానికి ఆనుకున్నారు. నోరు తెరిచారు. "ద్..." అన్నారు, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నేను మైక్ ఆపాను. "గట్టు మీద ఎవరూ లేరు అత్తయ్యగారూ. ఒక్కసారి పిలవండి. ఈ దూరానికి రాదులెండి, ఆ కారం తిన్నాక అసలు రాదు."

ఆవిడ నీళ్ల మీదనుంచి చూపు తిప్పలేదు.

"వద్దు బాబూ," అన్నారు. "పిలిస్తే వస్తుంది."